మనోళ్లెవరన్నా ఉన్నరా?
చుట్టరికం, పరిచయం, పూచీకత్తు: ఉత్తర తెలంగాణ ఆర్థిక జీవితంపై ఒక సమీక్ష

మంథనిలో వడ్లు అమ్మాలన్నా, కొడుకును దుబాయి పంపాలన్నా, కరీంనగర్ ఆస్పత్రిలో మంచం దొరకాలన్నా ఇంట్లో మొదట వినిపించే మాట ఒకటే: "అక్కడ మనోళ్లెవరన్నా ఉన్నరా?" ధర, జీతం, ఫీజు ఆ తర్వాతి సంగతులు. ఆ మనోడు ఒకసారి మేనమామ కావచ్చు, ఒకసారి కులపోడు కావచ్చు. పదో తరగతి కలిసి చదివినవాడో, సింగరేణి బాయిలో ఒకే షిఫ్టు చేసినవాడో అయినా సరే. ఎవరో ఒకరు ఉండాలి.

ఈ ఆరాకు ఆర్థికశాస్త్రంలో ఎంత విలువ ఇవ్వాలన్న దానిపై అర్ధ శతాబ్దంగా వాదన నడుస్తోంది. పేదవాడికి బ్యాంకైనా, బీమా అయినా, ఉపాధి కార్యాలయమైనా చుట్టరికమేనని కొందరంటారు. చుట్టరికం ఉన్నవాడికే తలుపు తెరుస్తుంది, లేనివాడిని గడప బయటే నిలబెడుతుందని ఇంకొందరంటారు. మధ్యలో మూడో వర్గం ఉంది. సంబంధాలు ఎట్లాగూ ఉన్నవే కదా, వాటిని సంఘాలుగా కట్టి లెక్కాపత్రం రాస్తే అభివృద్ధికి పనికొస్తాయని వీళ్ల నమ్మకం. ముగ్గురి వాదానికీ సాక్ష్యాలు పాత కరీంనగర్ జిల్లా ఒక్కదాంట్లోనే దొరుకుతాయి. చర్చ ఇంత చిక్కుపడటానికి అదీ ఒక కారణమే.

వాదన పుట్టుక

మార్కెట్ గాలిలో నిలబడదు, సమాజంలో పాతుకుని ఉంటుందని కార్ల్ పొలానీ 1944లో 'ది గ్రేట్ ట్రాన్స్‌ఫర్మేషన్'లో రాశాడు. అప్పట్లో అర్థశాస్త్రవేత్తలు పెద్దగా పట్టించుకోలేదు. 1973లో అమెరికన్ సామాజికవేత్త మార్క్ గ్రనొవెటర్ ఇదే విషయాన్ని ఉద్యోగాల వైపు నుంచి పట్టుకున్నాడు. బోస్టన్ పక్కనున్న న్యూటన్ పట్టణంలో ఉద్యోగం మారినవాళ్లను అడిగితే 56 శాతం మంది తెలిసినవాళ్ల ద్వారానే పని దొరికిందన్నారు. ఆ తెలిసినవాళ్లలో ఎక్కువమంది ప్రాణస్నేహితులు కారు, అప్పుడప్పుడు కనబడేవాళ్లు. దగ్గరివాళ్లకు తెలిసింది మనకు ముందే తెలిసి ఉంటుంది. కొత్త కబురు దూరపువాడి దగ్గరే ఉంటుంది.

ఆ తర్వాత దారులు చీలాయి. ఫ్రాన్స్‌కు చెందిన పియేర్ బూర్దియు 1986లో పరిచయాన్ని ఆస్తిగా లెక్కగట్టాడు. భూమిలాగే అదీ కొందరి చేతుల్లోనే పోగవుతుందని, వారసత్వంగా దిగుతుందని ఆయన వాదం. అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ 1988లో దాన్నే ఊరందరికీ పనికొచ్చే వనరుగా చూపించాడు. రాబర్ట్ పట్నం 1993లో ఇటలీని పరిశీలించి, పాటల బృందాలు, ఆటల క్లబ్బులు ఎక్కువగా ఉన్న ఉత్తర ప్రాంతాల్లో పాలన కూడా మెరుగ్గా ఉందన్నాడు. 'సామాజిక మూలధనం' అన్న మాట అక్కడి నుంచి ప్రపంచ బ్యాంకు నివేదికల్లోకి ఎక్కింది, అక్కడి నుంచి మన ప్రభుత్వ పథకాల్లోకి దిగింది. ఆ ప్రయాణంలో బూర్దియు హెచ్చరిక జారిపోయింది. కులం ఉన్న దేశంలో జారిపోకూడనిది అదే.

ఊరే బీమా

ఈ చర్చలో తెలంగాణ పల్లె ఒకటి ప్రపంచ ప్రసిద్ధం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975లో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లిలో, మహారాష్ట్రలోని శిరాపూర్, కాంజారాల్లో ఇంటింటి లెక్కలు రాయడం మొదలుపెట్టింది. ఏడాది పొడవునా ఏం తిన్నారు, ఏం అమ్మారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు అన్నీ నమోదయ్యాయి. రాబర్ట్ టౌన్సెండ్ ఆ లెక్కలతో 1994లో వేసిన పత్రం సారాంశం ఇది: ఒక ఇంటి రాబడి ఒక ఏడు కుప్పకూలినా ఆ ఇంటి తిండి, బట్ట అంతగా పడిపోవడం లేదు. ఊరి మొత్తం వాడకం ఎటు నడిస్తే ఆ ఇంటి వాడకమూ దాదాపు అటే నడుస్తోంది. ఎక్కడా పాలసీ కాగితం లేదు గానీ బీమా పనిచేస్తోంది.

ఎట్లా పనిచేస్తోందో ఉత్తర తెలంగాణ పాఠకుడికి విడమరచి చెప్పనక్కర్లేదు. మిత్తి లేని చేబదులు ఉంది. పెండ్లిలో కట్నాలు చదివించిన పుస్తకం ఉంది. ఎవరు ఎంత పెట్టారో అందులో రాసి ఉంటుంది, వాళ్లింట శుభకార్యానికి అంతకు తగ్గకుండా తిరిగి పెట్టాలి. నాట్లప్పుడు ఒకరి పొలానికి ఒకరు పోయి పని బదులు తీర్చుకోవడం ఉంది.

మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ 1989లో ఇవే ఇక్రిశాట్ లెక్కల్లో ఇంకో సంగతి పట్టుకున్నారు. ఆడపిల్లలను దూరపు ఊళ్లకు ఇచ్చిన కుటుంబాలు కరువు ఏడాదిని మెరుగ్గా తట్టుకుంటున్నాయి. ఇక్కడ వాన తప్పితే అక్కడా తప్పాలని లేదు కదా, వియ్యంకుడి ఇంటి నుంచి సాయం వస్తుంది. సంబంధం మాట్లాడేటప్పుడు ఎవరూ వర్షపాతం పట్టిక ముందేసుకుని కూర్చోరు. అయినా అనుభవం ఆచారంగా స్థిరపడితే ఫలితం అట్లాగే ఉంటుంది.

ఈ బీమాకు రెండు చిల్లులున్నాయి. ఒకటి టౌన్సెండే చెప్పాడు: భూమి లేనివాళ్లకు రక్షణ అంత గట్టిగా అందడం లేదు. తిరిగి పెట్టగలిగినవాడికే పెట్టే లెక్కలో కూలివాడి పేరు చివర ఉంటుంది. రెండోది, దెబ్బ అందరికీ ఒకేసారి తగిలితే ఊరి బీమా చేతులెత్తేస్తుంది. 2022 జూలైలో గోదావరి పోటెత్తి, బొక్కలవాగు వెనక్కి తన్ని మంథనిని ముంచినప్పుడు పక్కింటివాడిదీ అదే గతి. అట్లాంటప్పుడు పనికొచ్చేది వరద సోకని ఊళ్లో ఉన్న చుట్టమే.

దగ్గరి చుట్టం, దూరపు పరిచయం

చమురు ధరలు పెరిగిన 1973 తర్వాత గల్ఫ్‌లో కట్టడం పనులు పెరిగాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ ప్రాంతాల నుంచి వలస మొదలై గొలుసుగా సాగింది. ముందు పోయినవాడు తమ్ముడికి వీసా పంపిస్తాడు, తమ్ముడు బామ్మర్దికి, బామ్మర్ది ఊరివాడికి. దుబాయిలో దిగిన మొదటి రాత్రి ఏ క్యాంపులో పడుకోవాలో, ఏ మేస్త్రీ దగ్గర పని దొరుకుతుందో చెప్పేది ఈ గొలుసే. ఏ ప్రభుత్వ శాఖా ఇంత మందికి ఇంత చవకగా ఉపాధి సమాచారం చేరవేయలేదు.

గొలుసులో తుప్పు పట్టిన లంకె ఊరి సబ్ ఏజెంటు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశాంగ శాఖలో నమోదైన ఏజెంటే మనుషులను పంపాలి. అతను తీసుకోదగిన రుసుముకు 30 వేల రూపాయల పరిమితి, దాని మీద పన్ను. వాస్తవంలో పైసలు చేతులు మారేది నమోదు లేని సబ్ ఏజెంటు దగ్గర, చాలాసార్లు ఇంతకు ఎన్నో రెట్లు. అతను మనోడే కాబట్టి రశీదు అడగరు. మోసపోయాక కూడా మనోడే కాబట్టి కేసు పెట్టరు; పెద్దమనుషుల మధ్య పంచాయితీ పెడతారు, సగం తిరిగొస్తే అదే పదివేలు అనుకుంటారు. ఆజాద్ వీసా (పేరుకే యజమాని ఉండే వీసా) మీద పోయి, యజమాని దగ్గర పని లేక బయటపడి, ఖల్లివెల్లి (సరైన కాగితాలు లేని కార్మికుడు) అయినవాడికి అక్కడ చట్టం అండ ఉండదు. ఇక్కడ నూటికి రెండు మూడు రూపాయల మిత్తి మాత్రం నెలనెలా ఎదుగుతూనే ఉంటుంది. సబ్ ఏజెంటు పెట్టుబడి అంతా ఊళ్లో అతనికున్న నమ్మకమే. మోసం కూడా దాని మీదే నడుస్తుంది.

నేతన్నల వలస అంతకంటే పాతది. కరీంనగర్ పద్మశాలీలు షోలాపూర్, భివండి, బొంబాయి మగ్గాల మీదికి చుట్టాల వెంట పోయారు. కైవన్ మున్షీ, రోజెన్‌జ్వైగ్ 2006లో బొంబాయి దాదర్ ప్రాంతపు కుటుంబాలను పరిశీలించినప్పుడు తేలిన సంగతి ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవాలి. కులం అండతో మిల్లు పనులు దొరికే కుటుంబాలు కొడుకులను మరాఠీ బడులకే పంపుతూ వచ్చాయి. ఆ కులబంధాల అల్లిక ఆడపిల్లలకు ఎన్నడూ పని చూపలేదు, అందుకని వాళ్లను పట్టి ఉంచే బంధమూ లేకపోయింది. వాళ్లు ఇంగ్లీషు బడుల వైపు తిరిగారు. అంటే తాతకు బతుకు చూపించిన బంధమే మనవడిని వెనక నిలబెట్టింది.

సిరిసిల్లలో ఇంకో రకం ముప్పు కనిపిస్తుంది. నూలు ఇచ్చే సేటు, మగ్గాలు నడిపే ఆసామి, కార్మికుడు చాలావరకు ఒకే కులం, ఒకే ఊరు. నూలు అరువు, మగ్గం కిరాయి, పని అన్నీ పరిచయం మీదే నడుస్తాయి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరుతో ప్రభుత్వమే పెద్ద గిరాకీ అయింది. 2024 ఆరంభంలో ఆర్డర్లు లేక, బకాయిలు పేరుకుని మగ్గాలు ఆగినప్పుడు ఒకరు ఇంకొకరిని ఆదుకునే వీల్లేకపోయింది. లోపలి అల్లిక ఎంత దట్టమైనదైనా బయటి దారం ఒక్కటే అయితే అది తెగిన రోజు అందరూ ఒకేసారి కింద పడతారు.

గ్రనొవెటర్ మాట ఇన్నేళ్లకూ నిలిచిందా? లింక్డిన్‌లో రెండు కోట్ల మందికి సంబంధించిన సమాచారంతో 2022లో వచ్చిన అధ్యయనం నిలిచిందనే అంది, ఒక సవరణతో: మరీ దూరపు పరిచయం కంటే కొద్దిగా దూరపు పరిచయమే ఉద్యోగం మారడానికి ఎక్కువ పనికొస్తోంది. దీన్ని గల్ఫ్ కూలీకి నేరుగా అన్వయించలేం. లింక్డిన్‌లో ఉన్నవాడికి పరిచయం ఇచ్చేది సమాచారం. క్యాంపులో ఉన్నవాడికి దానితోపాటు పూచీ, పక్క, ఆపదలో కబురు కూడా కావాలి. వాటిని దగ్గరివాడే ఇస్తాడు.

పూచీ సరుకైన రోజులు

ఆస్తి లేనివాడి అప్పుకు పొరుగువాడి పూచీ చాలన్నది బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకు స్థాపించిన మహమ్మద్ యూనస్ ప్రయోగం. పక్కింటివాడు ఎట్లాంటివాడో బ్యాంకుకు తెలియదు, పక్కింటివాడికి తెలుసు; ఆ ఎరుకే తాకట్టు అని జోసెఫ్ స్టిగ్లిట్జ్ 1990లో సిద్ధాంతం కట్టాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ ఆలోచనకు దేశంలోకెల్లా పెద్ద ప్రయోగశాల అయింది. 1990ల చివర మెదక్ జిల్లా నారాయణఖేడ్‌లో స్వచ్ఛంద సంస్థగా మొదలైన సూక్ష్మరుణ సంస్థ ఎస్‌కేఎస్ 2010లో కంపెనీగా స్టాక్ మార్కెట్‌కు వెళ్లి సుమారు 1,600 కోట్ల రూపాయలు సమీకరించింది.

కథ అప్పటికే ఒకసారి అడ్డం తిరిగింది. 2006లో కృష్ణా జిల్లాలో వసూళ్ల తీరు మీద గొడవలు రేగి అధికారులు సుమారు 50 సూక్ష్మరుణ శాఖలను మూయించారు. 2010లో ఆత్మహత్యల వార్తల మధ్య రాష్ట్ర ప్రభుత్వం అక్టోబరు 15న సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చింది. తొంభై తొమ్మిది శాతం దాకా ఉండే వసూళ్లు కొన్ని నెలల్లోనే పది శాతం దరిదాపులకు కూలిపోయాయి.

ఎందుకు కూలాయన్న దానిపై నేటికీ రెండు కథనాలున్నాయి. కంపెనీల పక్షం: కట్టేవాళ్లు కడుతూనే ఉన్నారు, రాజకీయం చెడగొట్టింది. ప్రభుత్వ పక్షం: ఒకే ఇంటి మీద మూడు నాలుగు కంపెనీలు అప్పు రుద్దాయి, ఒకామె కట్టకపోతే గుంపులోని మిగతా నలుగురిని ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టాయి. రెండింటిలోనూ నిజం ఉంది గానీ అసలు సంగతి మూడోది. పొరుగు పూచీ పనిచేయాలంటే అప్పిచ్చేవాడు కూడా ఆ పొరుగు మాటకు లోబడి ఉండాలి. వాటాదారుకు లాభం చూపాల్సిన కంపెనీకి ఆ అవసరం లేదు. పరువు గుంపుది, లాభం బయటివాడిది అయినప్పుడు ఒత్తిడి ఎటు పోతుందో చెప్పడానికి సిద్ధాంతం అక్కర్లేదు.

పరిశోధన ఇచ్చిన తీర్పు రెండు పక్షాలనూ నిరాశపరిచింది. హైదరాబాద్‌లో 104 బస్తీల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం చేసిన ప్రయోగం ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. సూక్ష్మరుణంతో కొందరి చిన్న వ్యాపారాలు పెరిగాయి, సగటు కుటుంబం వాడకం మాత్రం చెప్పుకోదగ్గట్టు పెరగలేదు. పేదరికం పోలేదు, పెద్ద విధ్వంసమూ కనబడలేదు. ఇటు ఎమిలీ బ్రేజా, సింథియా కిన్నన్ 2021లో అచ్చయిన పత్రంలో సంక్షోభం అసలు తాకని రాష్ట్రాలను చూశారు. ఆంధ్రప్రదేశ్‌లో దెబ్బతిన్న కంపెనీలు అక్కడా అప్పులు తగ్గించగా, ఆ జిల్లాల్లో కూలి రేట్లు పడిపోయాయి. అప్పు తీసుకోని కూలి కూడా నష్టపోయాడన్నమాట.

ఇంకో ఫలితం మీద ఇంతకంటే ఎక్కువ చర్చ జరగాల్సింది. కర్ణాటక పల్లెల్లో, హైదరాబాద్ బస్తీల్లో సూక్ష్మరుణం వచ్చాక మనుషుల మధ్య చేబదుళ్లు, సలహాలు తగ్గాయని బెనర్జీ, డుఫ్లో, అరుణ్ చంద్రశేఖర్, మాథ్యూ జాక్సన్ తదితరులు చూపించారు. అప్పు తీసుకోనివాళ్ల మధ్య కూడా తగ్గాయి. కంపెనీ దగ్గర దొరుకుతుంటే పక్కింటికి పోవడం మానేస్తారు, పోవడం మానేస్తే పలకరింపూ పలచబడుతుంది. ఆ మానేసిన గడపకు అప్పు దొరకని బీదవాడు ఒక్కడే మిగులుతాడు.

ములుకనూరు దారి

పాత కరీంనగర్ జిల్లాలో, ఇప్పుడు హనుమకొండ జిల్లా కిందికి వచ్చిన భీమదేవరపల్లి మండలంలో, ములుకనూరు సహకార గ్రామీణ బ్యాంకు 1956లో మొదలైంది. అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నడిపిన ఈ సంఘం పంట అప్పు, ఎరువులు, విత్తనం, వడ్లు, పత్తి అమ్మకం అన్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రభుత్వ జోక్యం తగ్గించాక ఈ దారికి ఊపొచ్చింది. 2002లో అక్కడే స్వకృషి మహిళా డెయిరీ మొదలైంది. పాలు పోసే ఆడవాళ్లే దానికి యజమానులు.

ఇక్కడా పూచీ పొరుగుదే, పరువు ఒత్తిడీ ఉంది. తేడా ఎక్కడంటే పుస్తకం సభ్యుల చేతిలో ఉంటుంది, పాలకవర్గాన్ని వాళ్లే ఎన్నుకుంటారు, మిగులు వాళ్లకే తిరిగొస్తుంది. ఇంత మంచి నమూనా అయితే పక్క మండలాలన్నీ ములుకనూర్లు ఎందుకు కాలేదన్న ప్రశ్న సబబే. మొదటి తరం నాయకత్వం దొరకడం అదృష్టం. అది ప్రతిచోటా దొరకదు.

ప్రభుత్వం పట్టిన దారి మహిళా పొదుపు సంఘాలది. 1992లో నాబార్డు బ్యాంకు అనుసంధానం, 2000లో వెలుగు, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం (ఐకేపీ), 2011లో స్త్రీనిధి. సంఘంలో ఎక్కువకాలం ఉన్నవాళ్ల తిండి, వాడకం మెరుగుపడ్డాయని ఆంధ్రప్రదేశ్‌పై ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు డైనింగర్, లియు చేసిన అధ్యయనం చెప్పింది. ఉత్తర తెలంగాణలో అంతకంటే కంటికి కనిపించేది ఐకేపీ సెంటరు. వెనకట విత్తనానికి, ఎరువుకు అప్పిచ్చిన అడ్తిదారుకే వడ్లు అమ్మాలి, ధర అతను చెప్పిందే. సంఘం ఆడవాళ్లు నడిపే కొనుగోలు కేంద్రం వచ్చాక అప్పు ఒకచోట, అమ్మకం ఒకచోట అయింది. ఈ విడదీత చిన్నదిగా కనిపిస్తుంది గానీ రైతు బేరానికి పెద్ద బలం. అయితే తాలు, తేమ పేరుతో బస్తాకు ఇన్ని కిలోలని మిల్లు కోసే తరుగు దగ్గర సంఘం బలం ఆగిపోతుంది. అక్కడ రైతుకు 'మనోళ్లు' లేరు.

కట్టుబాటు వసూలు చేసే సుంకం

సంబంధాల బలాన్ని మెచ్చుకునే వ్యాసాలు గ్రామాభివృద్ధి కమిటీల గడప తొక్కవు. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల్లో చట్టంతో సంబంధం లేకుండా కుల పెద్దలతో ఏర్పడే ఈ కమిటీలు గుడి కడతాయి, రోడ్డు వేస్తాయి, ఊరి నిధి పోగేస్తాయి. రాబర్ట్ పట్నం భాషలో ఇది అచ్చమైన సామాజిక మూలధనం. ఇవే కమిటీలు బెల్టుషాపులకు వేలం పెడతాయి, జరిమానాలు వేస్తాయి, మాట వినని కుటుంబాన్ని వెలి వేస్తాయి. వెలి పడితే ఆ ఇంటికి సరుకు అమ్మరు, పొలానికి కైకిలి పోరు, మాట్లాడినవాడికీ జరిమానే. పోలీసు కేసులు నమోదైనా పద్ధతి ఆగలేదు. అప్పుడు ఊరంతా బీమాగా నిలిచిన అల్లికే ఇప్పుడు ఊరంతా ఉరితాడవుతుంది.

ఇంత బాహాటంగా లేని సుంకం కూడా ఉంది. పల్లెకూ పట్నానికీ కూలిలో ఖర్చులు పోను 25 శాతానికి మించిన తేడా ఉన్నా మన దేశంలో మగవాళ్లు కుటుంబంతో పట్నం తరలడం తక్కువ. ఊరు వదిలితే కులం ఇచ్చే బీమా పోతుందన్న భయమే కారణమని మున్షీ, రోజెన్‌జ్వైగ్ 2016లో వాదించారు. ఇది పూర్తిగా తేలిన మాట కాదు. పట్నంలో ఇల్లు దొరకకపోవడం, అక్కడ రేషన్ అందకపోవడం కూడా కారణాలేనన్న వాదం ఉంది. గల్ఫ్‌కు మగవాడు ఒక్కడే పోయి ఇల్లు ఊళ్లోనే ఉంచే ఉత్తర తెలంగాణ పద్ధతి మున్షీ వాదానికి కొంత బలం ఇస్తుంది: రాబడి అక్కడ, బీమా ఇక్కడ.

ఫోన్‌లోకి ఎక్కిన పూచీ

2020లో లాక్‌డౌన్ తర్వాత యాప్ అప్పులు విరుచుకుపడ్డాయి. యాప్ అడిగే తాకట్టు ఫోన్‌లోని పేర్ల జాబితా. కిస్తీ తప్పితే చుట్టాలకు, తోటి ఉద్యోగులకు పరువు తీసే మెసేజీలు పోతాయి. ఆత్మహత్యలు జరిగాక ఆ డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు అరెస్టులు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పుల మార్గదర్శకాలు తెచ్చి, ఫోన్ కాంటాక్టులను యాప్‌లు వాడుకోకూడదంది. 2010లో గుంపును గుమ్మం ముందు కూర్చోబెట్టారన్న ఆరోపణకూ దీనికీ తేడా ఒక్కటే. గుంపులో చేరినామెకు పూచీ పడుతున్నానని తెలుసు, కాంటాక్టు జాబితాలో ఉన్నవాడికి ఆ సంగతే తెలియదు.

తేలినవి, తేలనివి

ఈ దారులను పక్కపక్కన పెట్టి చూస్తే పోలికలు ఇట్లా వస్తాయి. ఊరి చేబదులులో ఇచ్చేవాడు, తీసుకునేవాడు రేపు తారుమారు కావచ్చు, కాబట్టి ఒత్తిడికి హద్దు ఉంటుంది. కూలివాడికి మాత్రం చోటు తక్కువ. గల్ఫ్ గొలుసులో సమాచారం పంచుకునేది చుట్టం, లాభం తీసుకునేది సబ్ ఏజెంటు. సూక్ష్మరుణంలో పూచీ గుంపుది, మిగులు కంపెనీది. సహకార సంఘంలో రెండూ సభ్యులవే. యాప్‌లో పూచీదారుకు తన పూచీ గురించే తెలియదు. సంబంధం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న కంటే, దాని లెక్క పుస్తకం ఎవరి దగ్గరుంది, నచ్చకపోతే బయటికి రావడానికి దారి ఉందా అన్న రెండు ప్రశ్నలు వేస్తే ఈ చర్చ సగం చిక్కు విడిపోతుంది.

విడిపోనివీ ఉన్నాయి. బయటి అప్పు వచ్చి పాత చేబదులును చెరిపేస్తే నికరంగా లాభమా నష్టమా, తేలలేదు. కలిగినవాళ్లతో స్నేహం పేద పిల్లలను పైకి తెస్తుందా? అమెరికాలో 2,100 కోట్ల ఫేస్‌బుక్ స్నేహాలను లెక్కించి రాజ్ చెట్టి బృందం 2022లో తెస్తుందనే అంది. కుల హద్దులు దాటిన స్నేహాలు ఎంతో చెప్పే అంతటి లెక్క మనకు రాలేదు. 2010 ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన సూక్ష్మరుణాల చట్టం కథా ముగియలేదు. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు రాష్ట్ర చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పునిచ్చాక కంపెనీలకు మళ్లీ దారి తెరుచుకుంది.

వీటిలో పరిశోధన కోసం ఆగాల్సిన పని లేనిది ఒకటుంది. ఊరి సబ్ ఏజెంటును చూడనట్టు వదిలేసే బదులు నమోదు చేసి, రశీదు తప్పనిసరి చేసి, తీసుకున్న ప్రతి రూపాయికీ పై ఏజెంటును బాధ్యుణ్ని చేయాలి. అది జరిగేదాకా గల్ఫ్ పోయే ప్రతి కుటుంబం పైసలు చేతిలో పెట్టకముందే విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు సరిచూసుకోవాలి. అవతల ఉన్నది మేనమామ కొడుకైనా సరే, రశీదు అడగాలి.